ఊడాల్సిన అతుకు

రెబెకా వేసిన అతుకు ఊడిందని చెప్పుకుంటూ ఇంతవరకు ఎవరూ ఆమె అంగడి మెట్లెక్కలేదు. యాడికి ఊళ్ళో తాడిపత్రి రోడ్డు మీద, ఎరువుల అంగడికి ఆనుకొని ఉన్న రేకుల గది అది. బోర్డు లేదు. తలుపుకు వేలాడే నీలం పట్ట ముక్కే గుర్తు. లారీల మీద కప్పే పట్టలు, కళ్ళాల్లో వేరుశెనగ కింద పరిచే పట్టలు, పొలాల్లో తవ్విన నీటి కుంటల అడుగున వేసే నల్లటి మందపు షీట్లు, ఏది చినిగినా ముందు ఆమె గుమ్మంలోనే వచ్చి పడుతుంది.

ఈ పని ఆమెకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పెళ్ళయిన కొత్తలో వేరుశెనగ గోదాములో కాయలు వలిచే కూలికి పోయేది. ఒకసారి బస్తాల మీది పట్ట చినిగితే మేస్త్రీ సూదీ దారంతో కుట్టించాడు. మర్నాటి వానకు కుట్టుకుట్టుకూ నీళ్ళు దిగి అడుగు బస్తాలన్నీ బూజెక్కాయి. రెబెకా ఇంటి నుంచి ఇస్త్రీపెట్టె తెచ్చి, చినిగిన అంచులు ఒకదాని మీద ఒకటి పెట్టి కాల్చి చూసింది. మొదట పట్టకు బొక్క పడింది. తర్వాత అరచేయి కాలింది. ఎంత వేడి, ఎంతసేపు, ఎంత అదుము అన్నది చేతికి పట్టుబడేసరికి గోదాములోని పాత పట్టలు సగం ముక్కలయ్యాయి. మేస్త్రీ తిట్టాడు గాని పనిలోంచి తీసెయ్యలేదు. నిలిచిన అతుకు మాత్రం గట్టిగా నిలిచింది మరి.

నీటి కుంటల కాలం వచ్చాక ఒక కాంట్రాక్టరు వెంట మడకశిర దాకా పోయింది. ఒక చేత వేడిగాలి గన్ను, ఇంకో చేత రోలరు. ఎండకు కాగిన నల్ల షీటు మీద మోకాళ్ళతో పాకుతూ పొద్దుగూకేదాకా అతుకు వేసేది. ట్యాంకరుతో తెచ్చి నింపిన నీళ్ళు అతుకులోంచి ఇంకిపోతే ఆ రైతు మొహం మళ్ళీ చూడలేం. అందుకని ఒక వరస వేసి, దాని పక్కనే రెండో వరస వేసేది. అనుమానం వస్తే మూడోది. పైన సబ్బునీళ్ళు పూసి చూసేది. ఒక్క బుడగ లేచినా ఆ చోటు వదలకుండా మళ్ళీ కాల్చేది. భర్త నాపరాళ్ళ పాలిషు పనిలో దుమ్ము పీల్చి పీల్చి, ఊపిరి అందక మంచంలోనే పోయాక, ఊళ్ళు తిరగడం మాని ఈ గది పెట్టుకుంది.

ఆ గదిలోకి వేసవి చివర నందిని వచ్చింది. చిలమత్తూరు పిల్ల. బెంగళూరులో బొమ్మలు చేసే చదువు చదివింది. వెంట అంజనమ్మ ఉంది. అంజనమ్మా రెబెకా ఒకప్పుడు ఒకే కుప్ప ముందు కూర్చొని కాయలు వలిచినవాళ్ళు. ఆమెది పక్క పల్లె. వాన ముఖం చాటేసిన ఏడు ఆ పల్లెలో కప్పతల్లిని తీసేది ఆమే, పాట ఎత్తుకునేదీ ఆమే. ఆడవాళ్ళు రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి వాకిట్లో ఆ కప్ప మీద చెంబెడు నీళ్ళు పోస్తారు.

“కప్పలు యాడుండాయిమే ఇప్పుడు?” అంది అంజనమ్మ స్టూలు మీద కూలబడుతూ. “పోయినేడు దొరక్కపోతే అంగట్లో ప్లాస్టిక్ కప్పను కొనుక్కొచ్చి కట్టినాం. చూసినోళ్ళంతా నగబట్టిరి. ఈ పాప వచ్చి నన్నే కప్పను చేస్తానంటాంది. నీ దగ్గరికి పిల్చుకొస్తి.”

“నిన్ను కొత్తగా చేసేదేముందక్కా? ఆ గొంతొకటి చాలదా?” అంది రెబెకా.

“చూసినావా పాపా, దీని నోరు! పట్టలే కాదు, మనుషులను గూడా కాలుస్తాది.”

నందిని నవ్వి, గచ్చు మీద కాగితం పరిచింది. మనిషి తొడుక్కునే కప్ప అది. భుజాల మీదుగా దిగే ఆకుపచ్చ తొడుగు, దాని అంచున గాలికి విచ్చుకునే కాళ్ళు, గడ్డం కింద మెడ చుట్టూ పెద్ద గాలిసంచి. ఛాతీకి ఒక సాగే పట్టీ కడతారు. పాడే మనిషి చరణం ఆపి ఊపిరి పీల్చగానే పట్టీ సాగుతుంది, నడుము దగ్గరి పెట్టెలో పంపు తిరుగుతుంది, గొంతు సంచి ఉబ్బుతుంది. మళ్ళీ పాట ఎత్తుకోగానే వీపు వైపున్న చిన్న గొట్టం తెరుచుకొని గాలి బయటికి పోతుంది, సంచి దిగుతుంది. పెట్టె, పంపు, వాటిని ఫోనుతో నడిపే బోర్డు నందిని చేసుకుంటుంది. గాలి నిలిచేటట్టు గుడ్డ అతకడం ఆమెకు కుదరలేదు. తను చేసి తెచ్చిన నమూనా సంచిని ఊది చూపించింది. అది అన్ని వైపులా చీదింది.

రెబెకా ఆ గుడ్డను వేళ్ళ మధ్య నలిపి చూసింది. ఒకవైపు పూత పూసిన నైలాను. పట్టలాగా మొండిది కాదు. వేడి కొంచెం ఎక్కువైతే ముడుచుకుపోతుంది, తక్కువైతే పట్టదు. ఆమెకు ఆశ పుట్టింది. ఏళ్ళ తరబడి చెయ్యి ఒకే రకం పని చేసి చేసి విసిగి ఉంది.

“చేస్తాను. తొందరపెట్టగూడదు,” అంది.

తొందర నందిని పెట్టలేదు, ఆకాశం పెట్టింది. మృగశిర కార్తె పొడిగానే పోయింది. పడమటి గాలి రేకులను లేపుతుంటే లోపల ఇద్దరూ కూర్చొని సంచి మీద సంచి అతికారు. ఒకటి చెవుల వైపు ఉబ్బింది. ఒకటి పాలిచ్చే గేదె పొదుగులా వేలాడింది. నందిని కాగితం కత్తిరించి కొలతలు మార్చేది, రెబెకా ఇస్త్రీపెట్టెకూ గుడ్డకూ మధ్య వెన్న కాగితం వేసి అదిమేది. ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకోలేదు. ఒకరి చెయ్యి ఏమి చేస్తున్నదో ఇంకొకరికి కనబడుతూ ఉంటే మాటల అవసరం పెద్దగా ఉండదు.

మొదటిసారి తొడిగి చూసిన రోజు అంజనమ్మ గొంతు సవరించుకొని చరణం ఎత్తుకుంది. ఆపి ఊపిరి పీల్చింది. సంచి గుండ్రంగా, నున్నగా లేచింది. ముగ్గురూ ఒకేసారి నవ్వారు. రెండోసారి ఇంకా బాగా లేచింది. మూడోసారి అంజనమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. చెయ్యి పైకెత్తి ఊపింది. నందిని ఫోను మీద వేలు పెట్టి పంపు ఆపి, గొట్టం తెరిచింది. సంచి దిగింది.

“బిర్రుగా ఐపోయెనా అక్కా?” రెబెకా అప్పటికే ఆమె మెడ తడుముతోంది.

“ఏమోమే, ఎవరో పట్టుకున్నట్లాయె. నేను ఊపిరి పీలిస్తే అది గూడా పీలుస్తాంది.”

రెబెకా నవ్వలేదు. ఊపిరి కోసం మనిషి ఎట్లా ఎగబీలుస్తాడో ఇంట్లో చూసిన మనిషి ఆమె. నందిని వైపు తిరిగి, “ఇది ఉబ్బడం ఆగకపోతే?” అంది.

నందినికీ ఆ భయం పట్టుకుంది. రెండు రోజులు కనిపించకుండా పోయి, కొత్త కాగితంతో వచ్చింది. సంచికి ఎడమ చెవి కిందుగా వేలెడంత మేర పెన్సిలుతో గీత గీసి ఉంది. “ఇక్కడ మాత్రం అతుకు సన్నగా వెయ్యాలక్కా. దారమంత. మిగతా అంతా నీ ఇష్టం. గాలి మితిమీరితే ముందు ఇది ఊడిపోవాల. ఊడితే అంజనమ్మకు ఏమీ కాదు.”

“ఊడేదానికి అతుకు వెయ్యమంటావా నన్ను?”

“ఇదొక్కచోటే అక్కా.”

రెబెకా తల ఊపింది. సన్నగానే వేసింది. మెదడు ఒప్పుకుంది గాని చెయ్యి ఒప్పుకోలేదు. నందిని గాలి ఎక్కించి చూపించింది. సంచి బిగుసుకొని, ఎడమ చెవి కింద టప్పున విచ్చుకుంది. “సరిగ్గా ఉంది!” అని నందిని సంతోషపడింది. రెబెకా మాత్రం ఊడిన అంచులను చూస్తూ ఉండిపోయింది. ఎవరైనా అవతలి వాకిట్లో నిలబడి ఉంటే ఆ ముక్కను కొంగు కింద దాచుకునేదేమో.

కప్పతల్లి తీసే రోజు వచ్చింది. బెంగళూరు నుంచి నందిని స్నేహితులు కెమెరాలతో వస్తున్నారని పల్లెలో ముందే తెలిసి వీధులు ఊడ్చి ఉన్నాయి. పొద్దున్నే రెబెకా ఒక్కతే గదిలో కూర్చొని కొత్త సంచిని ఆఖరిసారి పరీక్షించింది. సబ్బునీళ్ళు పూసి ఊదింది. అన్ని వైపులా గట్టిగా ఉంది. ఎడమ చెవి కింద మాత్రం సన్నటి బుడగలు వరసగా లేచాయి. ఒకటి పగిలితే ఇంకొకటి.

అది అట్లాగే ఉండాలని ఆమెకు తెలుసు. కానీ ఊరంతా చూస్తుండగా, పాట సగంలో, ఆ బుడగల చోటు పుటుక్కున ఊడితే? ఇది రెబెకా అతికిందేనంట అని అనరా? గొట్టం బాగానే పనిచేస్తోంది కదా, గాలి మితిమీరేదేముంది? ఇస్త్రీపెట్టె వేడిగానే ఉంది. వెన్న కాగితం చేతిలోనే ఉంది. ఆ వేలెడు మేర మీద పెట్టె ఆనించి, అదిమింది. కుంటల అలవాటు కొద్దీ పక్కన ఇంకో వరస వేసింది. మళ్ళీ సబ్బునీళ్ళు పూస్తే ఒక్క బుడగ లేదు. మనసు కుదుటపడింది. నందిని ఆటోతో వచ్చేసరికి సంచి తుడిచి, మడిచి ఉంది. చెప్పాలనుకుంది. ఆటో తొందరలో చెప్పలేదు. నిజానికి తొందర లేకపోయినా చెప్పేది కాదేమో.

పల్లె మొదట్లో అంజనమ్మకు తొడుగు వేసి, మెడ వెనక బకిలు బిగించారు. రోకలి చేతికిచ్చారు. ఉరుము డోలు వాయించే హనుమంతరాయుడు ముందు నడిచాడు. ఇంత పెద్ద కప్పను ఆ ఊరు ఎప్పుడూ చూడలేదు. అంజనమ్మ చరణం ఆపిన ప్రతిసారీ గొంతు లేచేది, పాట ఎత్తుకోగానే దిగేది.

“యాంది పిన్నమ్మా, మింగింది అరగల్యానా?” అని అరుగుల మీది మగవాళ్ళు వేళాకోళం ఆడారు.

“నిన్ను మింగితే అరుగుతాది, రా!” అంది అంజనమ్మ పాట మధ్యలోనే.

వాకిట్లో నీళ్ళు పోశారు. నడుము పెట్టెలోకి చుక్క దిగలేదు. నందిని ముందే బకెట్లతో నీళ్ళు పోసి చూసుకుంది, మూత అతికింది రెబెకానే. నందిని ఒక పక్క ఫోను పట్టుకొని, రెబెకా వెనక నుంచి ఆ ఎడమ చెవి కిందే చూపు నిలిపి నడిచారు. ఊడలేదు. ఒక్కో ఇల్లూ దాటుతుంటే రెబెకా గుండెలో బరువు తగ్గుతూ వచ్చింది.

ఆఖరున ఊరి చివర మారెమ్మ రాయి దగ్గరికి చేరారు. అక్కడ ఆడవాళ్ళంతా కలిసి ఒకేసారి పోస్తారు. ఊళ్ళో అందరికంటే పెద్దది బయమ్మ, ఇద్దరు కోడళ్ళ చేత కడవ మోయించుకొని వచ్చింది. కడవలో ఉన్నవి ఉత్త నీళ్ళు కావు. పసుపు కలిపి, వేపాకు నూరి వేసిన చిక్కటి నీళ్ళు. తల్లి దగ్గర పోసేవి ఎప్పుడూ అవే. అంజనమ్మకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. నీళ్ళెట్లాంటివని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. రెబెకా కూడా చిన్నప్పుడు ఆ నీళ్ళు చూసిందే, కానీ పెట్టెకు మూత అతికేటప్పుడు నీళ్ళంటే నీళ్ళే అనుకుంది.

కడవ కుమ్మరించారు. తర్వాత చెంబులు, బిందెలు. పచ్చటి నీళ్ళు అంజనమ్మ వీపు మీదుగా కారాయి. నూరిన వేపాకు తొడుగు మడతల్లో ఇరుక్కుంది.

అంజనమ్మ చరణం ఆపింది. సంచి లేచింది. పాట ఎత్తుకుంది. సంచి దిగలేదు.

రెబెకా చూసింది. ఇంకో చరణం. సంచి దిగకుండానే మరింత లేచింది. పాటలో ఒక మాట విరిగింది. అంజనమ్మ గట్టిగా ఊపిరి పీల్చింది. ఆ పీల్పుకు పట్టీ సాగింది, పంపు తిరిగింది. ఆమె ఎంత ఎగబీలిస్తే అంత గాలి మెడ చుట్టూ చేరుతోంది. రోకలి చేతిలోంచి జారింది. రెండు చేతులూ మెడకు పోయాయి. వెనక్కి ఊగింది, ముందుకు ఊగింది.

“తల్లి వచ్చిందిరో!” అని ఎవరో అరిచారు.

ఉరుము జోరందుకుంది. ఆడవాళ్ళు కేకలు పెట్టారు. ఇంకా నీళ్ళు పోశారు. అవతలి వైపు నందిని ఫోను మీద వేలితో పొడుస్తోంది, తడిసిన అద్దం మీద వేలు పనిచేయడం లేదు. చీర చెంగుతో తుడుస్తోంది, మళ్ళీ నీళ్ళు పడుతున్నాయి. చివరికి పంపు ఆగింది. కానీ లోపలికి పోయిన గాలి లోపలే ఉంది.

ఇప్పుడు ఊడుతుంది అనుకుంది రెబెకా. ఎడమ చెవి కింద. ఇప్పుడు. ఆమె కళ్ళు ఆ వేలెడు మేరనే చూస్తున్నాయి. ఆ తర్వాత పొద్దున తన చెయ్యి చేసిన పని గుర్తొచ్చింది. రెండు వరసలు. ఊడదు. తను వేసింది ఊడదు.

జనాన్ని నెట్టుకొని ముందుకు దూకింది. హనుమంతరాయుడు భుజం అడ్డం పెట్టాడు.

“తల్లి మీద ఉండాది. ముట్టగూడదు!”

“తల్లి కాదు పెదనాయనా, ఊపిరాడ్తాండల్యా ఆమెకు!”

“సర్చికి పోయే దానివి, నీకేం తెల్సుమే తల్లి సంగతి?” అంది వెనక నుంచి ఒకామె, రెబెకా కొంగు పట్టి లాగుతూ.

కొంగు ఆమె చేతిలోనే వదిలేసి రెబెకా వంగి, రెండు చేతులతో ఉరుమును వాటేసుకుంది. పుల్ల ఆమె మణికట్టు మీద పడింది. ఉరుము ఆగింది.

అప్పుడు వినబడింది అందరికీ. పాట లేదు. కేక లేదు. పూనకం వచ్చిన మనిషి అరుస్తుంది, ఆడుతుంది, అడుగుతుంది. అంజనమ్మ నోరు తెరుచుకొని ఉంది గాని చప్పుడు రావడం లేదు. పెదవులు నీలంగా మారుతున్నాయి.

హనుమంతరాయుడు పక్కకు జరిగాడు. రెబెకా అంజనమ్మ వెనక్కి పోయి బకిలు కోసం తడిమింది. అది ఉబ్బిన సంచి మడతలో మునిగిపోయింది. వేలు దూరలేదు. నడుముకు దోపుకున్న చిన్న కత్తి తీసింది, గుడ్డ కత్తిరించేది. సంచికీ మెడకూ మధ్య రెండు వేళ్ళు బలవంతంగా దూర్చింది. కత్తి జారితే ముందు తన వేళ్ళే తెగాలి.

“అక్కా, కదలొద్దు. నన్ను చూడు. కదలొద్దు.”

అతుకు మీద కత్తి పెట్టి లాగింది. తడి గుడ్డ మీద కత్తి జారి ఆమె వేలు తెగింది. రెండు వరసలు కలిసి గట్టిపడిన అంచు అది, చెప్పు తోలులా ఉంది. ఇంకోసారి లాగింది. గీత పడింది గాని తెగలేదు. ఒక్క క్షణం ఆమెకు ఏడుపొచ్చింది. అతుకును వదిలి, పక్కనున్న ఒంటి పొర గుడ్డలోకి కత్తి మొన గుచ్చి, తన వేళ్ళ మీదుగానే పక్కకు చీల్చింది.

గాలి పెద్ద చప్పుడుతో బయటికి తన్నింది. పచ్చటి నీళ్ళు మొహం మీద చిమ్మాయి. అంజనమ్మ మోకాళ్ళ మీద కూలి, గొంతు చీరుకుపోయేటట్టు ఊపిరి లాగింది. ఇంకోసారి. ఇంకోసారి. రెబెకా ఆమె వీపు మీద చెయ్యి వేసి, ఆ ఊపిరి పోయి రావడం అరచేతికి తెలిసేదాకా కదలలేదు.

అంజనమ్మను రాయి నీడకు చేర్చి నీళ్ళు తాగించారు. పొగరాయుళ్ళ గొంతులా బొంగురుగా వచ్చిన ఆమె మొదటి మాట, “ఎవుడురా తల్లి వచ్చిందనింది?”

బయమ్మ ఆమె కాళ్ళ దగ్గర కూర్చొని పాదాలు రుద్దుతోంది.

నందిని తొడుగును ఒళ్ళో వేసుకొని చూస్తోంది. వీపు వైపు గొట్టంలో నూరిన వేపాకు ముద్దగా కూరుకొని ఉంది. పుల్లతో తీసి అరచేతిలో పెట్టుకుంది. “నేను మంచినీళ్ళతోనే చూసినాను,” అంది తనలో తాను. తర్వాత సంచిని తిప్పి, ఎడమ చెవి కింద వేలితో తడిమింది. వేలు ఆగింది. దారమంత ఉండాల్సిన చోట బొటనవేలంత వెడల్పు అతుకు. తల ఎత్తి రెబెకా వైపు చూసింది.

రెబెకా వేలికి గుడ్డ చుట్టుకుంటోంది. “పొద్దున నేనే ఇస్త్రీపెట్టె పెట్టినా,” అంది.

“ఎందుకక్కా?”

“బుడగలొస్తాంటే చూడల్యాకపోతిని.”

“నాకు చెప్పల్యా.”

“చెప్పల్యా.”

నందిని లేచి నాలుగడుగులు అటు వేసి, వీళ్ళ వైపు వీపు పెట్టి నిలబడింది. కెమెరాల పిల్లలు ఎప్పుడో కెమెరాలు దించేశారు. అంజనమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఏమి జరిగిందో ఆమెకు అర్థమయింది. రెబెకా వైపు చాలాసేపు చూసి, మొహం పక్కకు తిప్పుకుంది. ఆ చూపు రెబెకాకు వేలి గాయం కంటే ఎక్కువగా తగిలింది.

“ఏమప్పా, సగంలో ఆపితే ఎట్ల?” అన్నాడు హనుమంతరాయుడు మెల్లగా. “ఎస్సీ కాలనీ తిరగల్యా ఇంగా.”

అంజనమ్మ చేయి చాచింది. చినిగిన తొడుగును ముద్దగా చుట్టి, రోకలికి తనే కట్టింది. పాట పాడలేకపోయింది. వేరే ఆడవాళ్ళు అందుకున్నారు. రెబెకా వెంట పోలేదు. బస్సెక్కి యాడికి వచ్చేసింది.

తర్వాత చాలా రోజులు అంగడి తలుపు సగమే తెరిచి ఉండేది. పట్టలు వచ్చాయి, అతికింది. ఒక మధ్యాహ్నం గుమ్మంలో అంజనమ్మ, వెనక నందిని నిలబడ్డారు. నందిని చేతిలో కొత్త గుడ్డ చుట్ట.

“అనంతపురంలో ఈ కప్పను ఆడించాలని పిలిచినారంట,” అంది అంజనమ్మ. గొంతు ఇంకా పూర్తిగా బాగుపడలేదు. “నేను తొడుక్కుంటానంటి. ఈ పాప వద్దంటాంది.”

“వద్దు,” అంది రెబెకా.

“నిన్నెవరడిగినారు? అతుకు ఎవరు వేసేది అనేది మాట.” అంజనమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. “వేరేవాళ్ళను చూసినాం. గాలి నిలవల్యా. నీది నిలుస్తాది. ఊడాల్సిన చోట ఊడుతాదా, అది చెప్పు.”

రెబెకా నందిని వైపు చూసింది. నందిని చూపు తిప్పుకోలేదు. గొట్టానికి ఈసారి సన్నటి జల్లెడ బిగించానని, పసుపు నీళ్ళతో, వేపాకుతో పోసి చూశానని చెప్పింది. “అయినా అతుకు ఊడాల్సిందే అక్కా. నేను దగ్గరుండి చూస్తాను, ప్రతి ఒక్కటీ.”

“చూడు,” అంది రెబెకా. “నువ్వు చూడకపోతే నేను వెయ్యను.”

ఆ రోజంతా మెడ సంచులే అతికారు. బల్ల మీద పెట్టి గాలి ఎక్కిస్తే అన్నీ ఊడాయి. కానీ బల్లకు గొంతు లేదు. సాయంత్రం ఎండ దిగుతుండగా రెబెకా కొత్తదాన్ని తన మెడకు చుట్టుకుంది. తలుపు పూర్తిగా తెరిపించింది. కత్తి అంజనమ్మ చేతికిచ్చింది.

“వద్దుమే,” అంది అంజనమ్మ. మొదటిసారి ఆమె గొంతులో కోపం లేదు.

“నీ మెడకు పెట్టేది ముందు నా మెడ చూడాల. పెట్టు పాపా గాలి. నేను చెయ్యెత్తినా ఆపొద్దు.”

“చెయ్యెత్తితే ఆపుతాను,” అంది నందిని.

పంపు తిరిగింది. సంచి గడ్డాన్ని పైకి నెట్టింది. మెడ పక్క నరాలు బిగిశాయి. రెబెకాకు తన గుండె చప్పుడు చెవుల్లో వినిపించింది. భర్త మంచం పక్కన కూర్చొని బయటి నుంచి చూసిన ఆ ఎగబీల్పు ఇప్పుడు లోపలి నుంచి తెలుస్తోంది. చెయ్యి ఎత్తాలనిపించింది. పిడికిలి బిగించి మోకాలి మీద పెట్టుకుంది. అంజనమ్మ స్టూలు మీంచి లేచింది. నందిని ఫోను మీద వేలు ఆనించి పెట్టింది.

ఎడమ చెవి కింద టప్పుమని విచ్చుకుంది. గాలి చెంప మీదుగా పోయింది.

రెబెకా వంగి దగ్గింది, ఊపిరి తీసుకుంది. అంజనమ్మ కత్తి పక్కన పడేసి ఆమె తల పట్టుకుంది. “ఊడెనా? ఊడెనా? సాల్లేమే ఇంగ!”

“ఊడె,” అంది రెబెకా, మెడ రుద్దుకుంటూ. “ఆలస్యంగా ఊడె. అంతసేపు నువ్వు ఉండల్యావు. ఇంకా సన్నం చెయ్యాల.”

ఇంకో ముక్క తీసి బల్ల మీద పరిచింది. వెన్న కాగితం వేసింది. నందిని దగ్గరికి జరిగి వంగి చూసింది. రెబెకా ఇస్త్రీపెట్టె అందుకొని, అంచు మాత్రం గుడ్డకు ఆనించి, చేతి బరువు దాని మీద పడనీయకుండా, తొందరగా ఎత్తేసింది.